కుడికి జరిగిన తేదీలు: ఓపెన్ సోర్స్ శిబిరంలో ఆరు రోజులు

మొదటి రోజు

బస్సు దిగి గేటు లోపలికి నడుస్తుంటే భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో బట్టల సంచి, పర్సులో ఒక పెన్‌డ్రైవ్. నా ధ్యాసంతా ఆ పెన్‌డ్రైవ్ మీదే. దారి పొడవునా పదిసార్లయినా పర్సు తడిమి చూసుకుని ఉంటాను. మా సంస్థ నాలుగేళ్ల లెక్కంతా అందులోనే ఉంది, ఒక పెద్ద పీడీఎఫ్ ఫైలుగా.

మాది చిన్న సేవా సంస్థ. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి కోలుకుంటున్నవాళ్లకు వీల్‌చెయిర్లు, వాకర్లు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు పైసా తీసుకోకుండా వాడుకోవడానికి ఇస్తాం. అవసరం తీరాక వెనక్కి తెచ్చుకుని, శుభ్రం చేసి, ఇంకొకరికి ఇస్తాం. పనంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: ఏ వస్తువు ఎవరింట్లో ఉంది? దానికి జవాబును ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్నాం. నెలనెలా చందా కట్టాం. ఒకరోజు వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది, ఈ సేవ ఆపేస్తున్నాం, నెల రోజుల్లో మీ సమాచారం తీసేసుకోండి అని. తీసుకోబోతే పీడీఎఫ్‌గా తప్ప రాలేదు. చూసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, అంతే. వేరే చోట పెట్టుకుని పని చేసుకునే దారి లేదు. ఆఫీసులో ముగ్గురం కూర్చుని అందులోంచి తేదీలూ పేర్లూ ఒక ఎక్సెల్ పట్టికలోకి చేత్తో ఎక్కించుకున్నాం.

ఆగస్టులో ఒక రాత్రి ఒకింటి నుంచి ఫోను. వాళ్ల నాన్నగారికి ఆక్సిజన్ మెషిన్ కావాలి. మా మెషిన్లన్నీ బయటే ఉన్నాయి. ఏది ఎక్కడ వాడకుండా పడి ఉందో పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈలోగా వాళ్లు అప్పు చేసి అద్దె మెషిన్ తెచ్చుకున్నారు. ఆ రెండు రోజులే నన్ను ఇక్కడికి తీసుకొచ్చాయి.

సేవా సంస్థలవాళ్లకూ చిన్న వ్యాపారాలవాళ్లకూ అక్కడే ఉంచి ఓపెన్ సోర్స్ నేర్పే శిబిరం ఇది. ప్రోగ్రాం లోపలి రాతను, అంటే సోర్సును, అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ అన్నమాట. ముప్పై మందిమి ఉంటాం. సాయంత్రం హాల్లో అందరం గుండ్రంగా కూర్చున్నాం. ప్రసంగాలు లేవు. ఒక్కొక్కరికి ఒక కాగితం ఇచ్చి, మీ పనిలో మీకు నిద్ర పట్టనివ్వని విషయం ఒక్కటి రాయండన్నారు. నేను రాసింది ఇదీ: "ఏ వస్తువు ఎవరింట్లో ఉంది?" కాగితాలన్నీ గోడకు అంటించారు. లేచి వెళ్లి చదివాను. దాతల జాబితా మానేసిన ఉద్యోగి మెయిల్లో ఉండిపోయిందని ఒకరు. లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ వాడుతున్నామని భయంగా ఉందని ఒకరు. గుడ్డ ఎంత కొన్నానో తెలుసు, ఎంత మిగిలిందో తెలియదని ఒకరు.

ఆ చివరిది రాసింది నా గదిలోకే వచ్చింది. ఎనిమిది మిషన్లతో కుట్టు యూనిట్ నడుపుతుందట. "అక్కా, నాకు కంప్యూటరంటే బిల్లు కొట్టడమే వచ్చు. ఇక్కడ నెట్టుకురాగలనంటావా?" అని అడిగింది. నాకూ అదే సందేహం ఉంది, పైకి మాత్రం నెట్టుకొస్తావన్నాను.

రెండో రోజు

పొద్దున్నంతా లైసెన్సుల మీదే నడిచింది. చరిత్ర త్వరగానే ముగించారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించడం, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు మొదటి కూర్పు, 1991లో కంప్యూటర్‌ను నడిపించే లినక్స్, 1998లో ఓపెన్ సోర్స్ అన్న పేరు రావడం. నా మనసు పట్టుకున్నది వేరే విషయం. ఇంగ్లీషులో ఫ్రీ అన్న ఒక్క మాటకు రెండర్థాలున్నాయి కాబట్టి వాళ్లు ఇన్నేళ్లుగా విడమర్చి చెప్పుకోవాల్సి వస్తోంది. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనగానే సగం పాఠం అయిపోయినట్టే.

ఆ స్వేచ్ఛలు నాలుగు, సున్నా నుంచి లెక్క. ఏ పనికైనా వాడుకోవడం సున్నా. లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవడం ఒకటి. నకళ్లు పంచుకోవడం రెండు. మనం మార్చినదాన్ని కూడా పంచుకోవడం మూడు. బోర్డు మీద ఇవి రాస్తుండగానే ప్రింటింగ్ ప్రెస్ నడిపే పెద్దాయన చెయ్యెత్తారు. "నా ప్రెస్సు కోసం డబ్బు పెట్టి మార్పు చేయించుకుంటే, అది మా పోటీవాళ్లకు ఇచ్చుకోవాలా?" హాల్లో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే అది. పాఠం చెప్పేవాళ్లు నిదానంగా విప్పి చెప్పారు. జీపీఎల్ ఉన్నదాన్ని మీ ఆఫీసు లోపల ఎంత మార్చుకున్నా ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. మార్చిన ప్రోగ్రాంను ఇంకొకరికి ఇచ్చినప్పుడే దాని సోర్సు కూడా వాళ్లకు అందేలా చూడాలి. ఏజీపీఎల్ అనే లైసెన్సు ఇంకో అడుగు ముందుకెళ్తుంది: మార్చినదాన్ని సర్వర్లో పెట్టి నెట్‌వర్క్ మీద ఇతరులతో వాడిస్తే, ఆ వాడేవాళ్లకు సోర్సు అందుబాటులో ఉంచాలి. పెద్దాయన ఇదంతా నోట్‌బుక్కులో రాసుకుని, రాసింది పైకి చదివి, సరిగ్గా ఉందా అని అడిగి మరీ కూర్చున్నారు. ఆయన అడగకపోతే మేమెవరం అడిగేవాళ్లం కాదు.

మధ్యాహ్నం ఎంపిక గురించి. నేనైతే ఒక్కటే సాఫ్ట్‌వేర్ కావాలనుకుని వచ్చాను, దాతలూ రశీదులూ వస్తువులూ అన్నీ అందులోనే. ఆ ఆశ అక్కడే వదిలేశాను. దాతలకూ సభ్యులకూ సివిసీఆర్ఎం ఉంది, సేవా సంస్థల కోసమే కట్టినది. వస్తువుల రాకపోకలకు స్నైప్-ఐటీ. అసలది ఆఫీసుల్లో కంప్యూటర్లు ఎవరి దగ్గరున్నాయో చూసుకోవడానికి పుట్టింది. ప్రతి వస్తువుకూ ఒక నంబరు, ఎవరికిచ్చాం, ఎప్పుడు తిరిగి రావాలి, దాని మీద అంటించడానికి క్యూఆర్ లేబుల్. వీల్‌చెయిర్‌కు కావాల్సిందీ ఇదేగా!

నా గది చెల్లెలు ఈఆర్పీనెక్స్ట్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ మీద మనసు పడింది. ఒక చొక్కాకు ఎంత గుడ్డ, ఎన్ని గుండీలు అని ముందే రాసి పెట్టుకుంటే, పని పూర్తయినప్పుడు సరుకు నిల్వ దానంతటదే తగ్గుతుంది. చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ అక్కడున్న వాలంటీరు ఒకటే ప్రశ్న అడిగాడు: "నెలకు ఎన్ని బిల్లులక్కా?" నలభై అంది. "రోజూ కూర్చుని ఎక్కించే మనిషి ఉన్నారా?" లేరంది. అయితే ముందు గ్నూక్యాష్ అనే లెక్కల ప్రోగ్రాంలో జమాఖర్చులు సరిగ్గా రాయడం అలవాటు చేసుకోండి, గుడ్డ లెక్క ఒక పట్టికలో చూసుకోండి, ఏడాది తర్వాత ఆలోచిద్దాం అన్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఆ అబ్బాయి మీద గౌరవం పెరిగింది. నేర్పడానికి వచ్చినవాడు ఇది నీకు ఇప్పుడే వద్దని చెప్పడం అరుదు.

ఓపెన్ సోర్స్ అని పేరున్నా మొత్తం తెరిచి ఉండదని కూడా చెప్పారు. ఓడూ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో కమ్యూనిటీ ఎడిషన్ స్వేచ్ఛగా దొరుకుతుంది, పూర్తి అకౌంటింగ్ డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో ఉంటుంది. తప్పేమీ లేదు, ముందే తెలుసుకుని దిగాలి. చివర్లో బోర్డు మీద నాలుగు గళ్లు గీసి ఖర్చులు రాయమన్నారు: సర్వర్ అద్దె, మనిషి సమయం, నేర్పడం, బయటికి రావడం. మొదటి మూడూ గబగబా నింపాం. నాలుగో గడి దగ్గర అందరి పెన్నులూ ఆగిపోయాయి. ఆ పాత సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు చందా ఎంతని అడిగాం, ట్రైనింగ్ ఎంతని అడిగాం. వదిలి వెళ్లాలంటే ఏం తీసుకెళ్లొచ్చో అడగలేదు.

మూడో రోజు

ఈ రోజు గురించి ఎంత రాసినా తనివి తీరదు.

ముందు పీడీఎఫ్. టాబ్యులా అనే చిన్న ప్రోగ్రాం ఉంది. పీడీఎఫ్‌లోని పట్టిక చుట్టూ మౌసుతో గీత గీస్తే, ఆ గళ్లను సీఎస్‌వీ ఫైలుగా, అంటే కామాలతో విడదీసిన మామూలు రాతగా, బయటికి తీస్తుంది. స్కాన్ చేసిన బొమ్మలైతే పనికిరాదు, లోపల అక్షరాలు అక్షరాలుగా ఉండాలి. మావి అలాగే ఉన్నాయి. మొదటి పేజీలోని వరుసలన్నీ చెక్కుచెదరకుండా తెర మీదికి వచ్చినప్పుడు పక్కనున్నవాళ్ల చెయ్యి పట్టుకున్నాను. వాటి కోసం మేం ముగ్గురం వారాల తరబడి టైపు చేశాం. నాకు ఇంకా నచ్చింది, ఇదంతా నా లాప్‌టాప్‌లోనే జరిగింది. తెర మీద బ్రౌజరు కనిపించినా సమాచారం గది దాటలేదు. జబ్బుపడినవాళ్ల పేర్లూ చిరునామాలూ అవి. ఎక్కడపడితే అక్కడ ఎక్కించే సరుకు కాదు.

తర్వాత, మేం ఆఫీసులో చేత్తో చేసుకున్న పట్టికను పక్కన పెట్టి పోల్చమన్నారు. డేటా పాఠం చెప్పే ఆవిడ నా వెనక నిలబడి చూస్తున్నారు. ఎక్సెల్ లాంటి పని కూడా చేసే లిబ్రేఆఫీస్‌లో తెరిచాను. ఆవిడ తెర మీద వేలు పెట్టారు.

"అమ్మా, ఈ తేదీలు చూడండి. కొన్ని గడిలో ఎడమకు ఉన్నాయి, కొన్ని కుడికి. మీరేమైనా జరిపారా?"

లేదన్నాను. ఎడమా కుడీ నేనెప్పుడూ గమనించనే లేదు.

"మీరు జరపలేదు, అదే జరుపుకుంది. తేదీ అని గుర్తుపట్టినదాన్ని కుడికి పెడుతుంది. గుర్తుపట్టలేనిదాన్ని మామూలు రాత అనుకుని ఎడమకు వదిలేస్తుంది."

అప్పుడు అర్థమైంది. ఆఫీసు కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంది, నెల ముందు, రోజు తర్వాత. మేం రోజు ముందు టైపు చేశాం. 25/05 అని కొడితే ఇరవై ఐదో నెల లేదు కాబట్టి అది తేదీ కాదనుకుంది, ఎడమకు వదిలేసింది. అలాంటివి గడువు లెక్కలోకే రాలేదు. 11/05 అని కొడితే మాత్రం మాట్లాడకుండా నవంబరు 5 చేసేసి కుడికి జరుపుకుంది. నిజంగా చెడింది అవే. చూడ్డానికి చక్కగా, సరైన తేదీల్లా కనిపించేవే.

నా చేతులు వణికాయి. ఆక్సిజన్ మెషిన్ల వరుసలు వెతికాను. ఆగస్టులో ఆ రాత్రి నేను వెతికిన మెషిన్ వరుస దొరికింది. మా పట్టికలో తిరిగి రావాల్సిన తేదీ నవంబరు 5. పీడీఎఫ్‌లో 11/05, అంటే మే 11. మూడు నెలలుగా అది ఒకరింట్లో ఊరికే ఉంది. గడువు దాటినవి చూపించు అని అడిగిన ప్రతిసారీ పట్టిక దాన్ని నాకు చూపించలేదు.

కాసేపు లేచి వరండాలో నిలబడ్డాను. ఆవిడా వచ్చి పక్కన నిలబడ్డారు, ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వచ్చి మొదటి నుంచీ చేశాం. సీఎస్‌వీ తెరిచేటప్పుడు వచ్చే చిన్న కిటికీలో ఏ నిలువు వరుస ఏ రకమో చెప్పొచ్చు. తేదీల వరుసను రోజు-నెల-ఏడాది అని ఎంచుకున్నాను. ఫోన్ నంబర్ల వరుసను రాతగా ఎంచుకున్నాను, లేకపోతే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ఆ తర్వాత తేదీలన్నిటినీ ఏడాది, నెల, రోజు వరుసలోకి మార్చాను, 2023-05-11 అన్నట్టు. ఐఎస్ఓ 8601 అని దానికొక ప్రమాణమే ఉంది. అలా రాస్తే ఏ కంప్యూటరూ పొరబడదు, వరుసగా పేర్చినా క్రమం చెడదు.

మధ్యాహ్నం ఓపెన్‌రిఫైన్. ఒకే మనిషి పేరు మా దగ్గర నాలుగు రకాలుగా ఉంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పొడి అక్షరం తర్వాత చుక్క ఒకచోట ఉంది, ఒకచోట లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాం కాబట్టి లక్ష్మిలో క్షకు ఒకచోట మూడక్షరాలు, ఇంకోచోట ఒక్క ఎక్స్. ఓపెన్‌రిఫైన్ ఇలాంటివన్నీ గుంపులు గుంపులుగా పక్కపక్కన పెట్టి, ఇవి ఒకటేనా అని అడుగుతుంది. చుక్కలు తీసేసి, మాటల్ని అక్షర క్రమంలో పేర్చి పోల్చే పద్ధతి ఒకటి. ఉచ్చారణను బట్టి పోల్చేది ఇంకొకటి. ఎక్స్ లక్ష్ములు రెండో పద్ధతికి దొరికారు. కలపాలా వద్దా అన్నది మాత్రం మనమే చెప్పాలి. ఒక గుంపులో రెండు పేర్లు అచ్చం ఒకేలా ఉన్నాయి, కలపబోయి ఆగాను. వాళ్లు అత్తాకోడళ్లు, ఇద్దరూ మాకు దాతలే. ఆ సంగతి నాకు తెలుసు, ప్రోగ్రాంకు తెలియదు. చేసిన ప్రతి మార్పూ పక్కన జాబితాగా ఉంటుంది, ఎంత వెనక్కైనా వెళ్లొచ్చు. అందుకే ధైర్యంగా చెయ్యగలిగాను.

దాతల వివరాలు సివిసీఆర్ఎంలోకి సాయంత్రం ఎక్కించాం. అందులో వ్యక్తి, సంస్థతోపాటు కుటుంబం అన్న రకం కూడా ఉంది. మాకు ఇంటిల్లిపాదీ కలిసి ఇచ్చేవాళ్లు చాలామంది. ముందు మనుషుల్ని ఎక్కించి, ప్రతి ఒక్కరికీ మన పాత నంబరును బయటి గుర్తుగా ఇచ్చి, ఆ నంబరు ఆధారంగా విరాళాల్ని తర్వాత ఎక్కించాలి. ఆ క్రమం తప్పి ఒకాయన రెండుసార్లు మొదటికొచ్చారు.

రాత్రి పడుకునేటప్పటికి సరిచేసిన పట్టికలో 186 వస్తువులున్నాయి. గడువు దాటినవి చూపించమని అడిగాను. ఆఫీసు పట్టిక దాచిపెట్టినవి 14 బయటికొచ్చాయి. అందులో రెండు ఆక్సిజన్ మెషిన్లు.

నాలుగో రోజు

సర్వర్ పెట్టడం పొద్దున్నే అయిపోయింది. చెప్పినట్టు ఒక్కొక్క ఆదేశం కొట్టుకుంటూ వెళ్లాం. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అసలు పాఠం బ్యాకప్.

మూడు నకళ్లు, రెండు రకాల చోట్ల, ఒకటి ఆఫీసు బయట. ఈ 3-2-1 సూత్రం చాలామందికి తెలుసు. ఒక గ్రంథాలయ సంస్థకు కంప్యూటర్ పని చూసే కుర్రాడు, మాకు ప్రతి రాత్రీ దానంతటదే బ్యాకప్ అవుతుందని చెప్పాడు. పాఠం చెప్పేవారు మెచ్చుకుని, "నిన్నటిది ఒకటి తెరువు బాబూ, అందరం చూద్దాం" అన్నారు. అతను తన సర్వర్లోకి వెళ్లి జాబితా తీశాడు. తేదీలవారీగా ఫైళ్లు చక్కగా వరుసలో ఉన్నాయి, ఒక్క రాత్రి కూడా తప్పలేదు. పక్కనే సైజు. 20. దాని పైన 20. దాని పైన 20. అతను పైకి జరుపుతూ పోయాడు, అన్నీ 20 బైట్లే. చాలా పైకి వెళ్లాక పెద్ద అంకె ఒకటి కనిపించింది. అది పదకొండు నెలల కిందటిది.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. జరిగిందేమిటంటే, అప్పట్లో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు. బ్యాకప్ ఆదేశంలో పాతదే ఉండిపోయింది. డేటాబేస్ లోపలికి రానివ్వలేదు, ఏమీ బయటికి రాలేదు. ఆ ఏమీ లేనిదాన్నే జీజిప్ అనే కుదించే ప్రోగ్రాం అందుకుని, బుద్ధిగా కుదించి, ఫైలుగా కట్టి, ఆ రోజు తేదీ వేసి పెట్టింది. ఖాళీని కుదిస్తే వచ్చే ఫైలు సైజు సరిగ్గా 20 బైట్లు. ఒక ఆదేశం ఫలితాన్ని తర్వాతిదానికి అందించే ఏర్పాటును పైపు అంటారు. పైపులో చివరి పని సరిగ్గా అయింది కాబట్టి మొత్తం సరిగ్గా అయినట్టే కంప్యూటర్ లెక్క. స్క్రిప్టు మొదట్లో పైప్‌ఫెయిల్ అన్న సెట్టింగు ఒక్క వరుస పెట్టి ఉంటే, మధ్యలో తప్పిన పని తప్పుగానే తేలేది. అదృష్టం, వాళ్ల సర్వర్ బాగానే ఉంది. ఆ కుర్రాడు అక్కడికక్కడే సరిచేసి, కొత్త బ్యాకప్ తీసి, సైజు చూసి, తెరిచి చూసి, అప్పుడు మంచినీళ్లు తాగాడు.

తర్వాత మా వంతు. ఎవరి లాప్‌టాప్‌లో ఉన్నదాన్ని వాళ్లు బ్యాకప్ తీసి, పక్కవాళ్ల లాప్‌టాప్‌లో తిరిగి నిలబెట్టాలి. నా స్నైప్-ఐటీని మా చెల్లెలి లాప్‌టాప్‌లో నిలబెట్టాం. వస్తువులన్నీ వచ్చాయి, పేర్లు వచ్చాయి, తేదీలు వచ్చాయి. ఫోన్ నంబర్లు రాలేదు. ఆ గడిని నేను ముందురోజే రహస్య గడిగా పెట్టాను, రోగుల నంబర్లు కదా అని. రహస్య గడుల్ని విప్పే తాళంచెవి డేటాబేస్‌లో ఉండదు. ప్రోగ్రాం పక్కనే ఉండే ఒక సెట్టింగుల ఫైల్లో, యాప్ కీ అనే పొడవాటి అక్షరాల వరుసగా ఉంటుంది. కొత్త లాప్‌టాప్‌లో కొత్త చెవి తయారైంది. దానితో పాత తాళం తెరుచుకోదు. నా పాత లాప్‌టాప్ పక్కనే ఉంది కాబట్టి చెవి తెచ్చి పెట్టాను, నంబర్లు కనిపించాయి. అదే ఏ రాత్రో ఆఫీసు కంప్యూటర్ కాలిపోయి ఉంటే? బ్యాకప్ చేతిలో ఉంటుంది, ఫోన్ చెయ్యడానికి ఒక్క నంబరు ఉండదు.

ఆ అక్షరాల వరుసను కాగితం మీద రాశాను. పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా పోతుందేమోనని చెల్లెలితో ఒక్కొక్కటీ చదివించుకుని సరిచూశాను. కవరులో పెట్టి అంటించి, దాని మీద మా కోశాధికారి హోదా రాశాను. ఆఫీసులో మా దస్తావేజులుండే బీరువాలోకి వెళ్లాలి అది.

రాత్రి భోజనాల తర్వాత ఎక్స్‌జెడ్ సంగతి చెప్పారు. 2024 మార్చిలో జరిగింది. ఫైళ్లను కుదించే ఆ చిన్న ప్రోగ్రాం ఎన్నో లినక్స్ కంప్యూటర్లలో ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ప్రధానంగా ఒక్క మనిషే ఖాళీ సమయంలో చూసుకుంటూ వచ్చాడు. సాయం చేస్తానని ఒకరు చేరి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 కూర్పుల్లో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయింట్ అనే ఇంజనీరు, సర్వర్లోకి లాగిన్ అవ్వడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నాడు. విన్నాక చాలాసేపు ఆ మొదటి మనిషి గురించే ఆలోచించాను. ఆయన పని మీద లోకమంతా ఆధారపడింది, ఆయనకు తోడుగా కూర్చున్నవాళ్లు ఎంతమంది? మా సంస్థా అలాంటిదే. ఇద్దరు ముగ్గురి భుజాల మీద నడుస్తోంది.

ఐదో రోజు

ఈ రోజు తీసుకున్నవాళ్లం తిరిగివ్వాల్సిన రోజు. ప్రోగ్రాం రాయడం రానివాళ్లు ఏమివ్వగలరని నాకు సందేహం. తప్పును సరిగ్గా చెప్పడమే పెద్ద సాయమన్నారు: ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది, ఏ కూర్పు. ప్రెస్ పెద్దాయన ఆ నాలుగు ముక్కలూ పొందిగ్గా రాశారు, వృత్తి ఆయనకు నేర్పిన పొందిక అది.

నేను అనువాదంలో కూర్చున్నాను. లిబ్రేఆఫీస్ మాటల్ని వెబ్‌లేట్ అన్న చోట ఎవరైనా తెలుగు చెయ్యొచ్చు. తేలిక పని అనుకున్నాను. మొత్తం ఇన్ని పేజీల్లో ఇది ఎన్నోది అని చెప్పే వాక్యం లాంటిది వస్తే, అంకెలు వచ్చే చోట శాతం గుర్తు పక్కన 1, శాతం గుర్తు పక్కన 2 ఉంటాయి. వాటిని ముట్టుకోకూడదు, చోటు మాత్రం మార్చుకోవచ్చు. ఇంగ్లీషులో ముందు ఈ పేజీ, తర్వాత మొత్తం. మన వాక్యంలో మొత్తం ముందు వస్తుంది. చోట్లు తారుమారు చేస్తే చాలు, చక్కటి తెలుగు వాక్యమైపోయింది. అసలు చిక్కు పేరు వచ్చే చోట ఉంది. ఫలానా వారికి అనాలంటే ఆ పేరు తర్వాత కి పెట్టాలా, కు పెట్టాలా? సమితికి అంటాం, సంస్థకు అంటాం. ఏ పేరు వస్తుందో ముందే తెలియని చోట ఏ ప్రత్యయం పెట్టినా సగం సార్లు తప్పే. అక్కడున్న ఒకావిడ, వాక్యమే మార్చేయమంది. "గ్రహీత:" అని పెట్టి పక్కన పేరు వదిలేస్తే ప్రత్యయంతో పనే లేదు. మా రశీదుల్లో కూడా ఇకమీదట అలాగే రాద్దామనుకున్నాను. ఇన్నేళ్లూ అందరికీ కి పెట్టి పంపాం.

సాయంత్రానికి ఇరవై రెండు వాక్యాలు చేశాను. నిఘంటువు తెరిచింది తక్కువే. ఆఫీసులో మాకు సాయపడే ఆయమ్మ చదివితే అర్థమవుతుందా అని ప్రతి వాక్యం దగ్గరా నన్ను నేనే అడిగి చూసుకున్నాను.

మా చెల్లెలు పక్క బల్ల దగ్గర గ్నూక్యాష్‌లో నెల లెక్క పూర్తి చేసింది. రెండు వైపులూ సరిపోయాయి. గుడ్డ పట్టిక కూడా విడిగా వేసుకుంది. "అక్కా, ముప్పై మీటర్లు ఎక్కడికి పోయాయో తెలిసింది, కత్తిరింపుల్లోనే పోతున్నాయి" అంటూ పరిగెత్తుకొచ్చింది.

ఆరో రోజు

పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్లి ఎవరి కాగితం వాళ్లు తీసుకోవచ్చన్నారు, తీరింది అనుకుంటేనే. కొన్ని గోడ మీదే ఉండిపోయాయి. లైసెన్సు భయం రాసినాయన తనది తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. నా కాగితం దగ్గర కాసేపు నిలబడ్డాను. 186లో 172 ఎక్కడున్నాయో తెలుసు. 14 ఇంకా తెలియదు. తీయకుండా వచ్చేశాను.

బస్సుకు గంట టైముంది. చెల్లెలు నా పక్కనే సంచి మీద కూర్చుంది. లాప్‌టాప్ తెరిచి, పద్నాలుగింటి జాబితా తీసి, మొదటి వరుసలోని నంబరు ఫోనులో కొట్టాను. ఆక్సిజన్ మెషిన్, రావాల్సిన తేదీ 2023-06-09. నిరుడు మా పట్టికలో అది సెప్టెంబరు 6 అయి కూర్చుంది. సెప్టెంబరులో గుర్తు చేశామో లేదో ఎవరూ రాసి పెట్టలేదు.

చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుండగా ఒక పెద్దావిడ ఎత్తారు. ఎవరమో, ఎందుకు చేశామో చెప్పాను.

"ఉందమ్మా, అటక మీద పెట్టించాను. దుమ్ము పట్టకుండా దుప్పటి కప్పాం. ఆయన పోయాక ఎవరికి చెప్పాలో తెలియలేదు, మీ నంబరున్న కాగితం కనబడలేదు. ఎప్పుడొస్తారు?"

రేపు పొద్దున్నే మనిషిని పంపిస్తానన్నాను. ఫోను పెట్టేసి, ఆ వరుసలో చిరునామా ఇప్పటికీ అదేనని గుర్తు పెట్టి, రెండో నంబరు కొట్టాను.